హెల్సింకీలో అమ్మ గొంతు

పెందుర్తి,
ఆదివారం.

అమ్మకు,

నీ కాళ్ళకు దండం పెట్టుకుని నీ చిన్నకూతురు రాణి రాస్తున్నది. ఇక్కడ నేనూ, నీ అల్లుడు ఉదయ్‌కుమారూ, పాపా బాగానే ఉన్నాం. అక్కడ ఖరగ్‌పూర్‌లో నువ్వూ, చిట్టమ్మక్కా, గురునాథరావు బావా కులాసాగా ఉన్నారని తలుస్తాను. ఇది అలవాటు కొద్దీ రాసే మాట కాదు. నీకు మళ్ళీ ఆయాసం వచ్చిందని అక్క చెప్పినప్పటి నుంచీ నిజంగా అదే తలుచుకుంటున్నాను. ఆవిరి మందు పడుతున్నారట కదా, మానకు. డాక్టరు ముందు బాగున్నాను అని బుకాయించకు.

నీ ఉత్తరం అందింది. గేటు సందులోంచి పోస్టుమాన్ పడేసి వెళితే వానకి ఓ మూల తడిసింది గానీ అక్షరాలు చెదరలేదు. మొత్తం ప్రశ్నలే. మీ అల్లుడు చూసి, "మియ్యమ్మ ఉత్తరం రాసిందా, పరీచ్చ పేపరు పంపిందా?" అని నవ్వాడు. నవ్వితే నవ్వాడు గానీ, నీతో మాట్లాడాలంటే నాకు కాగితమే నయం. ఫోన్లో నేను గొంతు చించుకోవడం, నువ్వు ఆఁ ఆఁ అనడం, మధ్యలో అక్క అందుకుని నా మాట తన మాటగా నీ చెవిలో అరవడం. కొన్ని మాటలు అక్క నోట్లోంచి నీ దగ్గరికి రాకూడదు. అందుకని ఈ ఉత్తరం బావ చేత చదివించుకోకు. మెల్లిగానైనా సరే, కళ్ళద్దాలు పెట్టుకుని నువ్వే చదువుకో.

హెల్సింకీలో అన్నం దొరికిందా అని అడిగావు. దొరికింది, కానీ అక్కడ అన్నాన్ని కూరలాగా పళ్ళెంలో ఓ పక్కన గరిటెడు పెడతారు. నల్లటి రొట్టె ఒకటి ఉంటుంది, నమలడానికి దవడలు గట్టిగా ఉండాలి. రేవు పక్కన బజారులో చేపల పులుసు లాంటిది అమ్ముతారు, దాన్ని పాలు పోసి వండుతారు. చేపల్లో పాలేటే అని నువ్వు ముక్కు మీద వేలేసుకుంటావని తెలుసు. నేనూ వేసుకున్నాను, తర్వాత రెండు గిన్నెలు తాగాను. బావ చేత నువ్వు పంపించిన కందిపొడి మాత్రం హోటలు గదిలో ఆ నల్ల రొట్టె మీద చల్లుకుని తిన్నాను. ఆ వాసనకి పక్క గదిలో దిగిన జపాన్ ఆవిడ వచ్చి తలుపు కొట్టింది. ఆవిడకీ కాస్త పెట్టాను.

పొద్దు గుంకదంట కదా, మరి దీపం ఎప్పుడెడతారు అని రాశావు. ఈ ప్రశ్న అక్కడి వాళ్ళకి చెబితే ముచ్చట పడ్డారు. నిజమే, ఈ నెలల్లో రాత్రి భోజనాలయ్యాక కూడా ఎండ గోడల మీదే ఉంటుంది. సంజె వేళ అంటూ మనకున్నట్టు ఒకటి ఉండదు. ట్రాములు పచ్చగా, పసుపుగా, చప్పుడు లేకుండా పోతాయి. ఊరి మధ్యలో తెల్లటి పెద్ద చర్చి, దాని ముందు కొండంత మెట్లు. ఆ మెట్ల మీద కుర్రాళ్ళు ఐస్‌క్రీములు తింటూ కూర్చుంటే, సముద్రపు కాకుల్లాంటి తెల్ల పక్షులు వచ్చి చేతిలోంచి ఎగరేసుకుపోతాయి. దేశానికి రాజధాని అంటే మన జగదాంబ సెంటరుకి పదింతలు గోల ఉంటుందనుకున్నాను. మన పెందుర్తి సంతలో ఉన్నంత రద్దీ కూడా లేదు.

రేవు మాత్రం చూసి వచ్చాను. నాన్న ఉంటే మొదట అదే అడిగేవాడు. నాలుగైదు అంతస్తుల ఓడలు, మనుషుల్ని ఎక్కించుకుని పొద్దున పోయి సాయంత్రం వచ్చేస్తాయి. ఒడ్డున నాన్నలాగా సరుకు దించే కళాసీ అన్నవాడు ఒక్కడు కనిపించలేదు. మన పోర్టులో లాగా ఖనిజం దుమ్ము లేదు, కేకల్లేవు. నాన్న చూస్తే ఇదేం రేవే, ఆసుపత్రిలాగుంది అనేవాడు. అక్కడ కాసేపు నిలబడ్డాను. నాన్న గుర్తొచ్చాడు. రెండేళ్ళు కావస్తున్నా రేవు కనిపిస్తే నాకు ఇలాగే అవుతోంది.

ఏడుపు మీద కూడా మీటింగులు పెడతారా అని బావ నవ్వాడని రాశావు. నవ్వనీ. బావలాగే మా కాలేజీలోనూ సగం మంది నవ్వారు. అక్కడ మాత్రం ఒక్కరూ నవ్వలేదు. పాతిక దేశాల వాళ్ళు వచ్చారు. మనిషి పోయినప్పుడు ఆడవాళ్ళు రాగం తీసి ఏడ్చే ఏడుపులు ఎక్కడెక్కడ ఎలా ఉంటాయో చదువుకున్నవాళ్ళు. ఆ దేశంలో తూర్పు వైపు వాళ్ళకీ మన శోకాల్లాంటివే ఉన్నాయి. వాళ్ళు ఏడుపులో అమ్మని అమ్మ అనరట, పేరు పెట్టి అసలు పిలవరట. నన్ను మోసినదానా అంటారట. ఇప్పుడు అక్కడ ఆ ఏడుపు వచ్చిన ముసలివాళ్ళు పోయి, వయసు వాళ్ళు బళ్ళో కూర్చుని నేర్చుకుంటున్నారు. ఈ ముక్క నీకు చెబితే, ఏడుపు నేర్చుకోడానికి బడేటే అంటావు.

నేను వాళ్ళకి నీ ఏడుపుల గురించే చెప్పాను. మన ఆనందపురం చుట్టుపక్కల ఎక్కడ ఎవరు పోయినా అప్పాయమ్మకి కబురెట్టండి అంటారని, నువ్వెళ్ళి శవం కాళ్ళ దగ్గర కూర్చుని అందుకుంటే తప్ప ఆ ఇంట్లో గొంతులు విచ్చుకోవని చెప్పాను. పోయిన మనిషి పుట్టుక నుంచి ఆఖరి ముద్ద దాకా, మంచీ చెడ్డా దాచకుండా, ఆ మనిషితోనే మాట్లాడుతున్నట్టు ఎలా చెబుతావో వివరించాను. చావు లేని ఇంట్లో శోకం పెట్టకూడదు గనక నువ్వు నన్ను పొలం గట్టు మీదికి తీసుకెళ్ళి అవన్నీ మళ్ళీ అని వినిపించిన సంగతి కూడా చెప్పాను. ఆ పొలం గట్టు ఫోటో తెర మీద పడగానే అందరూ ముందుకి వంగి చూశారు.

ఇంకో మాట కూడా చెప్పాను. ఒక్కో ఏడుపు రికార్డు చేసుకునే ముందు నువ్వు నన్ను ఆ ఇంటికి పంపేదానివి. "అది నా ఏడుపు కాదే, ఆళ్ళది. ఆళ్ళనడిగి పట్టుకెల్లు" అనేదానివి. వాళ్ళు సరే అంటేనే నువ్వు నోరు విప్పేదానివి. ఒకామె తన కొడుకు మీది ఏడుపు వద్దంటే, నేనెంత బతిమాలినా ఆ ఏడుపు నాకు వినిపించలేదు. ఈ సంగతి వాళ్ళకి చెప్పినప్పుడు చాలామంది రాసుకున్నారు.

ఇక తలస్నానం సంగతి. శోకం విన్నవాళ్ళు తానం సెయ్యకుండా మెతుకు ముట్టకూడదని మరీ మరీ చెప్పి పంపావు. అమ్మా, నా ప్రసంగం అయిన వెంటనే మధ్యాహ్నం భోజనం. హాల్లోంచి అందరూ సరాసరి పళ్ళేలు పట్టుకుని వరసలో నిలబడ్డారు. అయ్యా, ఆగండి, వెళ్ళి తలకి పోసుకుని రండి అని ఏ మొహం పెట్టుకుని చెప్పను? నేను ఒక్కదాన్నే నోరు కట్టుకుని బయట బెంచీ మీద కూర్చున్నాను. కానీ చూడు, సాయంత్రం వాళ్ళే మమ్మల్ని సముద్రం ఒడ్డున ఆవిరి స్నానానికి తీసుకెళ్ళారు. కర్రలతో కట్టిన గది, మధ్యలో కాలే రాళ్ళు, వాటి మీద నీళ్ళు చల్లితే మొహం మాడిపోయేంత ఆవిరి. ఆడవాళ్ళంతా ఒంటి మీద నూలుపోగు లేకుండా, వంటగదిలో కూర్చున్నంత తీరుబడిగా కూర్చున్నారు. నేను తువ్వాలు చుట్టుకుని, తల దించుకుని, చెక్కల సందులు లెక్కపెడుతూ కూర్చున్నాను. చెమటలు కారాక అందరూ వెళ్ళి సముద్రంలో మునిగారు. ఆ నీళ్ళు ఎంత చల్లనంటే, మన యారాడలో పుష్యమాసంలో దిగినా అది వేడినీళ్ళే అనిపిస్తుంది. మొత్తానికి నీ మాట ప్రకారం అందరికీ తలస్నానం అయింది, భోజనం తర్వాత అయినా. నేను మునిగి వచ్చాకే తిన్నాను.

విని ఎవరైనా ఏడ్చారా అని అడిగావు. ఏడ్చారు. మాట అర్థం కాకపోయినా ఏడ్చారు.

నా గురించి ఏటడిగారు అని చివర్లో రాశావు. అమ్మా, ఆ ప్రశ్న దగ్గర నేను నాలుగు రోజులు ఆగిపోయాను. ఇంతవరకు రాసినదంతా నిజమే గానీ, ఇదంతా ఆ జవాబు రాయకుండా పొద్దు పుచ్చడమే. ఇక రాసేస్తాను.

ప్రసంగానికి ముందు రోజు మిగతా వాళ్ళ రికార్డులు విన్నాను. అవన్నీ నిజంగా చావు ఇంట్లో చేసినవి. వెనకాల పిల్లల ఏడుపులు, తలుపుల చప్పుడు, ఎవరో నీళ్ళు తెమ్మనడం. వాటి ముందు మన పొలం గట్టు మీది ఏడుపులు నాకు చప్పగా అనిపించాయి. నీ గొంతు చప్పగా ఉందని కాదు. అక్కడ శవం లేదు, అంతే. అంత దూరం వెళ్ళి చప్పగా మిగలడం నా వల్ల కాలేదు. నాకు పేరు కావాలనిపించింది. దాచడం దేనికి, అదే అసలు సంగతి.

నాన్న పోయిన రోజు అక్క ఇంకా రైల్లోనే ఉంది కదా. ఆఖరి చూపు దక్కదేమో అని మీ అల్లుడు ఫోన్ పట్టుకుని అదంతా తీసి అక్కకి పంపించాడు. ఆ వీడియో నా ఫోన్లో ఉంది. రెండేళ్ళలో నేను దాన్ని ఒక్కసారి కూడా తెరవలేదు. ఆ సాయంత్రం హోటలు గదిలో తెరిచి, నీ గొంతు మాత్రం తీసుకుని నా ప్రసంగంలో పెట్టాను. ఊళ్ళో ప్రతి గుమ్మం ఎక్కి అడిగిన దాన్ని, నిన్ను అడగలేదు.

నువ్వు ఆ రోజు ఏమన్నావో నీకు గుర్తుందో లేదో. నేను రాస్తాను.

"రేవుల ఓడలన్నీ సాగనంపినావు నాయినా, నీ ఓడ సాగతాదని నాకు సెప్పనేదేటి? జీతాల నాడు జిలేబీ పొట్టం తెచ్చినావు, ఒక్క మాట తేనేదేటి? నలబయ్యేల్లు నీ పేరు నోట్లోనే దాసినాను నాయినా, ఇంకెవుల కోసం దాసుకుందును? వరహాలూ... ఓ వరహాలూ..."

రేషన్ ఆఫీసులో భర్త పేరు అడిగితే నన్ను ముందుకి తోసేదానివి. ఆసుపత్రిలో చీటీ రాసేటప్పుడు మొహం పక్కకి తిప్పుకుని, పాపా నువ్ సెప్పు అనేదానివి. నీ నోటి వెంట నాన్న పేరు ఒకే ఒక్కసారి వచ్చింది. ఆ ఒక్కసారీ నేను పరాయి దేశంలో, నీరెండ పడుతున్న హాల్లో, మైకులో వినిపించాను. వినిపించి ఊరుకోలేదు. కర్రతో తెర మీద ఆ పేరు చూపిస్తూ, ఇక్కడ భార్య భర్త పేరు పలుకుతుంది, గమనించండి, మా ప్రాంతపు ఏడుపుల్లో ఇది ముఖ్యమైన విశేషం అని ఇంగ్లీషులో వివరించాను. ఆ మాటలు అంటున్నప్పుడు నా గొంతు వణకలేదు. బాగా చెప్పాను, అమ్మా. చప్పట్లు కొట్టారు.

అప్పుడు ప్రశ్నలు మొదలయ్యాయి. వెనక వరసలోంచి ఒక కుర్ర మాస్టారు లేచి, ఈ చివరిది పొలం గట్టు మీది రికార్డు కాదు కదా, దీనికి ఎవరిని అడిగారు అన్నాడు. ఆ కుటుంబం ఒప్పుకుంది అన్నాను. అబద్ధం కాదు కదా, నేనూ ఆ కుటుంబమే కదా అని లోపల సర్దుకున్నాను. తర్వాత సభ నడిపిస్తున్న పెద్దాయన, ఆ అమ్మగారిని వచ్చే ఏడాది ఇక్కడికి పిలిపిస్తాం, ఆవిడ నోటితోనే వింటాం, మీరు తీసుకొస్తారా అని అడిగాడు.

నాకు ఒక్కసారిగా భయం వేసింది. నువ్వు వస్తే, అంతవరకు వాళ్ళకి చెప్పని మాట, ఈమె మా అమ్మ అని చెప్పాలి. ఆ ఏడుపు మా నాన్న మీదిది అని చెప్పాలి. నిన్ను అడగలేదని తేలిపోతుంది. అందరూ నా మొహంలోకే చూస్తున్నారు. ఒక్క మాటతో ఆ ప్రశ్నలన్నీ ఆగిపోవాలనిపించింది. ఆవిడ ఇప్పుడు లేరు అన్నాను.

లేరు అన్నాను, అమ్మా. నువ్వు చచ్చిపోయావని చెప్పాను.

పెద్దాయన మొహం వాడిపోయింది. నీ పేరు కాగితంలో చూసి, అప్పాయామా అని ఏదో పలికి, ఆమె గౌరవార్థం ఒక్క నిమిషం లేచి నిలబడదాం అన్నాడు. హాలంతా లేచింది. కుర్చీల చప్పుడు ఆగాక ఇంకేమీ వినిపించలేదు. నేనూ నిలబడ్డాను. అందరి కంటే ముందు నేనే తల వంచాను. బతికున్న తల్లికి మౌనం పాటించి, అయ్యాక థాంక్యూ కూడా చెప్పాను.

నా చిన్నప్పుడు నాన్న నెత్తి మీద కాకి తన్నితే, గండం పోవాలని కోట ఊళ్ళో ఉన్న అత్తకి నువ్వు చావు కబురు పంపించావు గుర్తుందా? అత్త బస్సులోనే గుండెలు బాదుకుంటూ వచ్చి, అరుగు మీద బీడీ కాల్చుకుంటున్న నాన్నని చూసి అక్కడే చతికిలబడింది. తర్వాత కోడిని కోసుకుని అందరం నవ్వుకుంటూ తిన్నాం. హెల్సింకీలో ఆ సంగతి తలుచుకుని మనసుకి నచ్చచెప్పుకోవాలని చూశాను. తప్పుడు కబురుతో ఆయుష్షు పెరుగుతుందని మనవాళ్ళే అంటారు కదా అని. కానీ దానికి కబురు విన్నవాళ్ళు ఏడవాలి. నీ చావు కబురుకి అక్కడ ఎవరూ ఏడవలేదు. ఊరికే నిలబడ్డారు. నేనూ ఏడవలేదు.

ఆ సాయంత్రం ఆవిరి స్నానం అయ్యాక బయట చెక్క బల్ల మీద కూర్చున్నాను. ఐలా అని ఒక పెద్దావిడ వచ్చి పక్కన కూర్చుంది. వాళ్ళ అమ్మ యుద్ధం రోజుల్లో తూర్పున సొంత ఊరు వదిలేసి వచ్చిందట, ఆ ఊరు ఇప్పుడు ఇంకో దేశంలో ఉందట. ఆమె సంచీలోంచి ఎర్రదారంతో పువ్వులు కుట్టిన తెల్లటి పొడుగు గుడ్డ తీసి నా ఒళ్ళో పెట్టింది. వాళ్ళలో పోయినవాళ్ళ సమాధి దగ్గర అలాంటిది కడతారట. మీ ఊరు వెళ్ళాక ఆవిడ సమాధికి కట్టు, నా తరఫున అంది. నేను అప్పుడైనా నోరు విప్పి ఉండొచ్చు. అక్కడ ఆమె, నేను తప్ప ఎవరూ లేరు. తీసుకున్నాను. తీసుకుని పెట్టెలో, నీ కందిపొడి సీసా పక్కన పెట్టుకున్నాను.

ఇంటికొచ్చాక ఆ గుడ్డ ఎక్కడ పెట్టాలో తెలియలేదు. బీరువాలో పెడితే బీరువా తెరవడానికి చెయ్యి రాలేదు. అంతలో అక్క ఫోన్ చేసి నీకు ఆయాసం ఎక్కువైందని, రెండు రోజులు ఆసుపత్రిలో ఉంచారని చెప్పింది. నాకు ఇలాంటి నమ్మకాలు లేవని నువ్వే అందరితో అంటావు. లేవు. కానీ ఆ వారం నాకు ముద్ద దిగలేదు. ఖరగ్‌పూర్ నంబరు కనిపిస్తే ఫోన్ ఎత్తడానికి భయపడ్డాను. నువ్వు ఇంటికొచ్చావని విన్నాక కూడా ఆ భయం పోలేదు.

నీ అల్లుడికి చెప్పాను. అతను నైటు షిఫ్టు చేసి వచ్చి కాఫీ తాగుతున్నాడు. "నువ్ సెప్పకపోతే ఎవుడికి తెలుస్తాది? ఎక్కడి హెల్సింకీ, ఎక్కడి కరగ్‌పూరు. మియ్యమ్మ అక్కడికెల్లి అడుగుతాదేటి?" అన్నాడు. నన్ను తేలిక పరచాలనే అన్నాడు పాపం. నాకూ కాసేపు అదే బాగుంది అనిపించింది.

తర్వాతి వారం పెద్దాయన దగ్గర్నుంచి మెయిలు వచ్చింది. ప్రసంగాలన్నీ పుస్తకంగా వేస్తున్నారట. దాన్ని కీర్తిశేషురాలు అప్పాయమ్మ గారికి అంకితం ఇద్దామని అందరూ అనుకున్నారట. ఒక ఫోటో పంపించమన్నారు. నేను వెతికాను కూడా. పాప బారసాల నాటి ఫోటో ఒకటి దొరికింది, నువ్వు ఆకుపచ్చ చీరలో నవ్వుతున్నది. అందులో పక్కనున్న వాళ్ళని తీసేసి నీ మొహం మాత్రం ఉంచాను. అలా ఉంచేసరికి, మన రోడ్ల కూడళ్ళలో కడతారు చూడు, దండ బొమ్మ వేసి శ్రద్ధాంజలి అని, అచ్చం ఆ ఫ్లెక్సీలాగా అయిపోయింది. మీ అల్లుడు వెనకనుంచి చూశాడు. "తీసెయ్, రాణీ. నాను సూడలేకపోతన్నాను" అన్నాడు. మళ్ళీ ఆ విషయం ఎత్తలేదు.

ఆ కూర్చున్న చోటనే మెయిలు రాశాను. ఆవిడ మా అమ్మ, బతికే ఉంది, ఆ ఏడుపు మా నాన్న కోసం ఏడ్చింది, నేను ఆవిడని అడగలేదు అని రాశాను. నాలుగు ముక్కలు రాయడానికి పూట పట్టింది. గుడ్డని జాగ్రత్తగా మడిచి, క్షమించమని కాగితం పెట్టి, ఐలా గారికి పోస్టులో తిప్పి పంపించేశాను. ఆమె దగ్గర్నుంచి ఇంకా ఏ మాటా రాలేదు.

పెద్దాయన జవాబు మాత్రం వచ్చింది. కోప్పడలేదు. అంతకంటే కష్టంగా ఉంది. మేమందరం లేచి నిలబడ్డాం కదా, ఆవిడ బతికే ఉన్నారన్న సంగతి ఆ రోజు వచ్చిన ప్రతి ఒక్కరికీ మీరే చెప్పాలి అన్నాడు. నా వ్యాసం పుస్తకంలోంచి తీసేశారు. ఒక్కొక్కరికీ రాస్తున్నాను. కొందరు జవాబిచ్చారు, కొందరు ఇవ్వలేదు. మా కాలేజీ గేటుకి నన్ను అభినందిస్తూ కట్టిన బ్యానరు ఇంకా ఉంది, రోజూ దాని కింద నుంచే లోపలికి వెళుతున్నాను. ప్రిన్సిపాలుకి కూడా చెప్పాలి. అది వచ్చే వారం.

ఇంకొకటి మిగిలింది. ఆ గొంతు వాళ్ళ దగ్గర ఉంది. ఉంచాలా, చెరిపెయ్యాలా అన్నది కూతురు చెబితే చాలదు, ఆ తల్లే చెప్పాలి, అంతవరకు ఎవరికీ వినిపించం అని రాశారు. వాళ్ళు చెప్పిందే న్యాయం. నువ్వు ఎప్పుడూ చెప్పింది కూడా అదే.

నీకు కోపం వస్తుందని తెలుసు. నాతో మాట్లాడకపోయినా, తిట్టినా, ఇంకెప్పుడూ నా ముందు నోరు విప్పనన్నా నేను పడతాను. నువ్వు ఏడుస్తావేమో అన్నదే నాకు తట్టుకోలేనిది. అందుకే నీ ఒంట్లో కాస్త కుదురుకున్నాక ఈ ఉత్తరం రాద్దామనుకున్నాను. కానీ రోజులు గడిచే కొద్దీ, దాచిపెట్టి నీ ఆరోగ్యం అడగడం ఇంకో అబద్ధంలా ఉంది. అందుకని ఇప్పుడే రాసేశాను.

అన్ని ఇళ్ళలో ఎలా అడిగానో, అలాగే అడుగుతున్నాను. చెప్పులు విప్పి, గుమ్మం బయట నిలబడి అడుగుతున్నాననుకో. అమ్మా, నాన్న కోసం నువ్వు ఏడ్చిన ఏడుపు పట్టుకెళ్ళమంటావా? వద్దంటావా?

ఇట్లు,
నీ జవాబు ఏదైనా తల వంచే
నీ చిన్నకూతురు
రాణి